56 బోరు మోటార్ల బండి

మా బాలాపూర్‌లో లక్షల మాట ఎత్తితే ఎవరూ కళ్లు పెద్దవి చేయరు. 1994లో 450 రూపాయలతో మొదలైన మా గణపతి లడ్డూ వేలంపాట 2025 సెప్టెంబరులో 35 లక్షల దగ్గర ఆగింది. 21 కిలోల లడ్డూ అది. అందుకే ఆకుపచ్చ నంబరు ప్లేటుతో కొత్త కారు మా ఇంటి ముందుకొచ్చి ఆగితే, ఎంత పెట్టావని అడిగినవాళ్లు తక్కువ. గల్లీ పిల్లల దగ్గర్నుంచి పాలు పోసే ముసలాయన దాకా అందరూ అడిగింది ఒక్కటే: "కరెంటు బండి గింత జోరుగ ఎట్ల ఉరుకుతది?"

ఆ ప్రశ్నకు జవాబు నా వృత్తిలోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నాది మోటారు వైండింగ్ షాపు. బోర్లలో కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, పిండి గిర్నీల మోటార్లు, లేతు మిషన్ల మోటార్లు, ఇవే నా బతుకు. ఒక ఫేజు పోయినా ఆపకుండా నడిపారా, బేరింగు పట్టేసిందా, వోల్టేజీ పడిపోయిందా అన్నది తీగ కాలిన తీరు చూసి చెప్పేస్తాను. నాదర్‌గుల్‌లో ఒక ప్లాటు అమ్మిన డబ్బులకు మా అబ్బాయి జీతం మీద తీసుకున్న లోను కలిపి మేం కొన్నది మహీంద్రా బీఈ 6. పెద్ద బ్యాటరీ రకం. మేం చూసేనాటికి షోరూం ధర 26 లక్షల 90 వేలు.

వెనక చక్రాల దగ్గరున్న దాని మోటారు బలం 210 కిలోవాట్లు. మన బోర్లలోకి దించే 5 హార్స్‌పవర్ మోటారు 3.7 కిలోవాట్లు. లెక్క వేసుకోండి, 56 బోరు మోటార్లు డిక్కీ కింద కూర్చున్నట్టు. అయితే బలం ఒక్కటే అయితే నేను అంత ఆశ్చర్యపోయేవాణ్ని కాదు. పెద్ద మోటార్లు ఫ్యాక్టరీల్లో ఎన్ని లేవు! ఈ మోటారును నడిపించే తీరు వేరు.

మన లైన్లో వచ్చే కరెంటు 50 హెర్ట్జ్. బోరు మోటారు దానికి కట్టుబానిస. స్టార్టరు నొక్కగానే, ఆగి ఉన్న రోటరును ఒక్కసారిగా ఆ వేగానికి లాక్కుపోవాలి. అందుకే మొదటి క్షణాల్లో మామూలుకన్నా ఐదారు రెట్ల కరెంటు గుంజుతుంది, ఇంట్లో బల్బులు డిమ్మవుతాయి. ఒకసారి అందుకున్నాక ఇక ఎప్పుడూ అదే వేగం. కారులో అలా కాదు. బ్యాటరీకీ మోటారుకీ నడుమ ఒక ఇన్వర్టర్ ఉంటుంది. మీ కాలు పెడల్‌ను ఎంత నొక్కితే దాన్ని బట్టి అది అప్పటికప్పుడు కావలసిన ఫ్రీక్వెన్సీని తయారుచేసి మోటారుకు పంపుతుంది, సున్నా నుంచి మొదలుపెట్టి. రోటరులో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. చుట్టూ తిరిగే అయస్కాంత క్షేత్రం ఎటు పోతే అవీ అటే పోతాయి. పెట్రోలు ఇంజను కొంత వేగంగా తిరిగితే తప్ప తన పూర్తి లాగుడు చూపించలేదు, అందుకే దానికి అన్ని గేర్లు. ఈ మోటారు ఆగి ఉన్నచోటు నుంచే 380 న్యూటన్ మీటర్ల బలంతో లాగుతుంది. క్లచ్చు లేదు, గేరు మార్పు లేదు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 6.7 సెకన్లని కంపెనీ చెబుతోంది. గడియారం పట్టుకొని నేను చూడలేదు గానీ, వీపు సీటుకు అతుక్కున్న సంగతి మాత్రం నిజం.

కరెంటు బండికి వేగం కొత్తేమీ కాదు. గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు బ్యాటరీతో నడిచిందే. 1899లో ఫ్రాన్స్‌లో కామీ జెనాట్జీ అనే ఆయన తూటా ఆకారంలో చేయించిన బండిలో 105.88 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. తర్వాత పెట్రోలు చవకైంది, బ్యాటరీ బరువు తగ్గలేదు, ఆ దారి మూసుకుపోయింది. మళ్లీ మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి రేవా వచ్చింది. పాపం, మంచి ప్రయత్నమే. కానీ ఆ చిన్న బండిని చూసినవాళ్లకు 'కరెంటు కారంటే సిటీలో కూరగాయలకు పోయేది' అన్న అభిప్రాయం పడిపోయింది. ఆ రేవా కంపెనీనే 2010లో మహీంద్రా కొనుక్కుంది. మా బండి పుట్టుక వెనకాల ఆ కథ కూడా ఉంది.

హైదరాబాదులో ఆ అభిప్రాయం పోయిన రోజు నాకు తెలుసు. 2023 ఫిబ్రవరి 11. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం పక్క రోడ్లను మూసి ఫార్ములా ఈ రేసు పెట్టారు. షాపు మూసేసి పోయాను. మనం రోజూ మొక్కజొన్న కంకులు తింటూ తిరిగే రోడ్డు మీద ఆ బండ్లు ఈల వేసుకుంటూ పోతుంటే, జనం ఇంజను గర్జన కోసం ఎదురుచూసి చూసి చివరికి ఈలకే అలవాటు పడ్డారు. ఆ తరం రేసు కార్లకు 350 కిలోవాట్ల బలం, గరిష్ఠ వేగం 322 కిలోమీటర్లు. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. గెలుపు కన్నా నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. రేసులో ఖర్చయ్యే విద్యుత్తులో దాదాపు 40 శాతాన్ని ఆ కార్లు బ్రేకు వేసేటప్పుడే తిరిగి పుట్టించుకుంటాయి. మోటారునే జనరేటరుగా వాడటం వైండింగ్ చేసేవాడికి వింత కాదు, రెండూ ఒకే యంత్రం. కానీ సెకనులో పదోవంతులో అటూ ఇటూ మార్చడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. నగరానికి అది నష్టమేనని నా అభిప్రాయం.

ఇక కొనుగోలు. కొరియా, చైనా బండ్ల మీద మా వాడికి మోజు. కియా ఈవీ6లో రెండు మోటార్ల రకం ఐదు సెకన్లకు కొంచెం పైన వంద అందుకుంటుంది. కియా ఫ్యాక్టరీ మన పెనుకొండ దగ్గరే ఉన్నా ఈవీ6 మాత్రం కొరియా నుంచి ఓడెక్కి వస్తుంది, ధర 60 లక్షల పైమాటే. బీవైడీ సీల్‌లో అన్నిటికన్నా జోరైన రకం 3.8 సెకన్లు, 2024 మార్చిలో విడుదలైనప్పుడు 53 లక్షలు. "గా రెండు మూడు సెకన్ల కోసం ఇంకో ప్లాటు అమ్మాల్నా బిడ్డా?" అంటే వాడు నవ్వి ఊరుకున్నాడు. చివరికి మిగిలినవి రెండు, మహీంద్రా బీఈ 6, టాటా హారియర్ ఈవీ. హారియర్‌లో నాలుగు చక్రాలూ లాగే రకాన్ని చూసినప్పుడు నేను షోరూంలో సేల్స్ కుర్రాణ్ని కొంచెం విసిగించాను. దానికి వెనక అయస్కాంతాల మోటారు, ముందు ఇండక్షన్ మోటారు, అంటే మన బోరు మోటారు జాతిదే. ఎందుకంటే ముందు మోటారు అవసరం లేనప్పుడు కరెంటు ఆపేస్తే చాలు, ఖాళీగా తిరుగుతుంది. అయస్కాంతాలుంటే కరెంటు లేకపోయినా కొంత ఈడ్చిపెడుతుంది. ఇంత తెలివిగా ఆలోచించినవాళ్ల మీద గౌరవం పెరిగింది. అయినా మా వాడికి బీఈ 6 ముక్కు నచ్చింది, లోపల విమానం కాక్‌పిట్ లాంటి డ్రైవరు సీటు నచ్చింది. పక్కనే క్షిపణుల మీద పరిశోధన చేసే ఆర్‌సీఐ ఉన్న ఊరివాళ్లం, ఇంక కాదనేదేముంది!

పన్నుల సంగతి తెలుసుకుంటే ధర కొంత మింగుడు పడుతుంది. కరెంటు కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. అదే సైజు పెట్రోలు ఎస్‌యూవీ మీద 2025 సెప్టెంబరు మార్పుల తర్వాత కూడా 40 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానంతో రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషను ఫీజు పూర్తిగా మాఫీ. 20 లక్షలు దాటిన పెట్రోలు బండికి మన దగ్గర లైఫ్ ట్యాక్సు 18 శాతానికి తక్కువ ఉండదు. మా బండి ధర మీద అది నాలుగు లక్షల 84 వేలు. ఇన్సూరెన్సు మాత్రం గట్టిగానే పడింది.

అసలు కథ షోరూంలో కాదు, మా ఇంటి మీటరు దగ్గర మొదలైంది.

బ్యాటరీ 79 కిలోవాట్ అవర్ అని రాస్తారు. భయపడకండి, అది మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఈ బండి కడుపులో 79 యూనిట్లు పడతాయి. దాన్ని ఇంట్లో నింపడానికి కంపెనీ రెండు రకాల చార్జర్లు అమ్ముతుంది. 7.2 కిలోవాట్లది సింగిల్ ఫేజుతో నడుస్తుంది, ఖాళీ బ్యాటరీ నిండటానికి రాత్రంతా చాలదు, 11 గంటలు పైనే. 11.2 కిలోవాట్లదైతే ఏడెనిమిది గంటలు, కానీ దానికి త్రీ ఫేజు కావాలి. చార్జర్ ధర కారు ధరలో కలవదు, మొదటిదానికి 50 వేలు, రెండోదానికి 75 వేలు అదనం. మా ఇంటికి అప్పటిదాకా ఉన్నది సింగిల్ ఫేజు, శాంక్షన్డ్ లోడు 3 కిలోవాట్లు. విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి, కిలోవాటుకింత అని డెవలప్‌మెంటు చార్జీలు కట్టి త్రీ ఫేజు మీటరు వేయించుకున్నాం.

గీజరు కూడా 2 కిలోవాట్లు తాగుతుంది కదా, ఏసీ నడుస్తుంది కదా, కారుకేమిటి ఇంత హంగామా అని కొందరు అడిగారు. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. కారు చార్జరు రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారేదాకా ఒక్క నిమిషం ఊపిరి తీసుకోకుండా నిండు కరెంటు గుంజుతుంది. సన్న తీగ, వదులు స్క్రూ, తుప్పు పట్టిన లగ్గు ఎక్కడుంటే అక్కడ వేడి పుడుతుంది. నా షాపుకు వచ్చే కాలిన మోటార్లలో చాలావాటికి రోగం మోటారులో ఉండదు, స్టార్టరు దగ్గర వదులైన ఒక బోల్టులో ఉంటుంది. అందుకే మీటరు నుంచి చార్జరు దాకా విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగాం, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా. దానికి సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే సొంత ఆర్‌సీసీబీ. ఈ ఆర్‌సీసీబీ కొనేటప్పుడు జాగ్రత్త. దుకాణంలో మామూలుగా చేతికిచ్చేది ఏసీ రకం, కారు బ్యాటరీ వైపు నుంచి వచ్చే డీసీ లీకేజీని అది పట్టుకోలేదు. టైప్ బీ అడగాలి, చార్జర్‌లోనే డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉంటే టైప్ ఏ సరిపోతుంది.

అన్నీ బిగించి చార్జింగు గన్ను కారుకు పెడితే చార్జర్ మీద ఎర్ర లైటు. మా షాపు కుర్రాడు మల్టీమీటరు పెట్టి చూశాడు.

"అన్నా, న్యూట్రల్‌కి, ఎర్తుకి నడుమ పద్నాలుగు వోల్టులు చూపెడుతుంది."

"ఎర్తింగు ఎండిపోయింది రా. గుంత తెరువు."

గుంత తెరిస్తే తెలిసింది, ఇల్లు కట్టినప్పుడు కాంట్రాక్టరు రెండడుగులు తవ్వించి, రాయి తగలగానే అక్కడికే పైపు పాతి, పైన సిమెంటు మూత పెట్టి బిల్లు తీసుకొని వెళ్లిపోయాడని. ఉప్పు లేదు, బొగ్గు లేదు. ఫ్రిజ్జు, టీవీ, గ్రైండరు దేనికీ అది పట్టలేదు. కారు పట్టింది. బాలాపూర్ నేల సంగతి తెలిసిందే, ఎక్కడ పార పెట్టినా బండే. చిన్న డ్రిల్లింగు మిషను తెప్పించి పదడుగులు దింపి, రాగి పూత రాడ్డు పెట్టి, చుట్టూ బెంటొనైట్ పొడి కలిపి పోశాం. నీళ్లు పోసి ఎర్త్ టెస్టరు పెడితే ముల్లు మూడు ఓమ్ల దగ్గర నిలబడింది. అప్పుడు గన్ను పెడితే పచ్చ లైటు. ఆ రాత్రి నాకు కారు నడిపినప్పటికన్నా ఎక్కువ తృప్తి కలిగిందంటే మా ఆవిడ నమ్మదు.

నడపడం గురించి చెప్పాలి. బాలాపూర్ చౌరస్తా నుంచి మామిడిపల్లి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కి తుక్కుగూడ చేరేదాకా ఈ బలమంతా దండగే. స్పీడు బ్రేకర్లు, షేరింగు ఆటోలు, అడ్డం వచ్చే బర్రెలు. బండిలో రేంజ్, ఎవ్రీడే, రేస్ అని మూడు రకాల నడకలున్నాయి. గల్లీల్లో నేను మొదటిదే పెడతాను. చప్పుడు లేని బండి వెనక నుంచి వస్తే నడిచేవాళ్లకు తెలియదు, పైగా పెడల్ కొంచెం ఎక్కువ తగిలితే చాలు బండి ముందుకు దూకుతుంది. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లల చేతికి ఇలాంటి బండి ఇవ్వకూడదు. ఇది నా గట్టి మాట.

తుక్కుగూడలో అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాక అసలు రుచి తెలుస్తుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద కార్ల వేగ పరిమితి 120. ఈ బండికి 120 పెద్ద లెక్క కాదు, కానీ అంతకు మించి పోయే అవసరం నాకెప్పుడూ రాలేదు. ర్యాంపు మీద నుంచి లైన్లోకి కలిసేటప్పుడు, వెనక లారీ వస్తోందా అని బితుకు బితుకుమంటూ చూడక్కర్లేదు. 80లో పోతూ ముందున్న కంటెయినరును దాటాలంటే కాలు నొక్కితే చాలు, గేరు వెతుక్కునే ఆ అరక్షణం కూడా ఉండదు. జోరైన కారంటే పోటీకి అనుకుంటారు గానీ, నాకు అది ఎక్కువగా పనికొచ్చింది ఇలా ఇరుకులోంచి త్వరగా బయటపడటానికే.

జోరుకు ధర ఉంది. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి అడ్డు రెండుంపావు రెట్లవుతుంది. కంపెనీ చెప్పే పరీక్ష లెక్క 682 కిలోమీటర్లు, అది ప్రయోగశాల మాట. ఏసీ వేసుకొని, మనుషులతో, సామానుతో హైవే మీద పోతే నాకు 450 చుట్టుపక్కల వస్తుంది. 120 పట్టుకొని పోతే ఇంకా తక్కువ. టైర్లు కూడా తొందరగా అరుగుతాయి, బండి బరువు, మోటారు లాగుడు రెండూ వాటి మీదే కదా పడేది.

శ్రీశైలం మాకు అలవాటైన దారి. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటాక మన్ననూరు దగ్గర అడవి మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడి చెక్‌పోస్టు మూసేస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో బండ్లు మెల్లగా పోవాలి, 56 మోటార్లలో 50 నిద్రపోతుంటాయి. అయినా ఈ బండి నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఘాట్ రోడ్డులోనే. దోమలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో బ్రేకు మీద కాలు పెట్టే పనే ఉండదు. పెడల్ వదిలితే మోటారు జనరేటరై బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్యాటరీలోకి కరెంటు తిరిగి పోస్తుంది. దిగేటప్పుడు చార్జింగు శాతం పెరుగుతుంటే మా వాడు లెక్క చదివి వినిపించాడు. వెనక సీట్లోంచి మా ఆవిడ, "గా లెక్కలు తర్వాత చెప్పురి గానీ, కాలు మెల్లగ తియ్యి, కడుపుల తిప్పుతుంది" అంది. నిజమే, ఈ పట్టు ఎక్కువ పెడితే వెనక కూర్చున్నవాళ్లకు వాంతి వచ్చినట్టుంటుంది. ఆ పట్టును తక్కువకు పెట్టుకునే వీలుంది, పెద్దవాళ్లుంటే పెట్టుకోండి. ఇంకో మాట, బ్యాటరీ నిండుగా ఉంటే తిరిగి వచ్చే కరెంటుకు చోటుండదు. కొండ మీద రాత్రంతా నింపి పొద్దున్నే దిగడం తెలివైన పని కాదు.

దారిలో చార్జింగు సంగతి ఇంకా కుదుటపడలేదు. కంపెనీ చెప్పిన 20 నిమిషాల్లో 20 నుంచి 80 శాతం అన్నది 175 కిలోవాట్ల చార్జర్ దొరికితే. దారిలో నాకు ఎక్కువగా తగిలినవి 30, 60 కిలోవాట్లవి. వాటి మీద అదే నింపుడు ముప్పావుగంట నుంచి గంటన్నర పైన. ఒకసారి ఒక హోటల్ ముందు చార్జర్ యాప్‌లో డబ్బు కోసుకొని గన్ను మాత్రం పని చేయలేదు. డబ్బు తర్వాత వాపసు వచ్చింది, మన్ననూరు గేటు మూసే టైము మాత్రం వాపసు రాదు కదా. ఆ రోజు అచ్చంపేటలో పడుకున్నాం.

ఖర్చు లెక్క ఇలా ఉంది. నా చేతిలో 100 కిలోమీటర్లకు 17 యూనిట్ల దాకా అవుతాయి. ఇంట్లో ఇప్పటికే 400 యూనిట్లు దాటేవాళ్లకు పై యూనిట్టు 9 రూపాయల 50 పైసలు, అంటే 160 రూపాయలు. బయట ఫాస్ట్ చార్జర్ మీద రెండింతల పైనే. ఇంత బలమున్న పెట్రోలు బండైతే మన రాష్ట్రంలో 900 దాకా పోయాల్సిందే. అయినా పొదుపు కోసం ఈ బండి కొన్నానని ఎవరైనా అంటే నమ్మకండి. పొదుపు చేసేవాడు పాతిక లక్షలు పెట్టడు.

మంటల భయం గురించి అందరూ అడుగుతారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం పైన ఉన్న లాడ్జిలో 8 మంది ప్రాణాలు పోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. మా బండిలో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, మిగతా లిథియం రకాలకన్నా వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. భయం అక్కర్లేదని కాదు, బ్యాటరీ అడుగున రాయి గట్టిగా తగిలితే వెంటనే చూపించుకోవాలి. ఇక నీళ్లు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి కాలనీలు మునిగిన ఊరు మాది. వానాకాలం బండిని, చార్జర్‌ను రెండింటినీ మెట్ట మీదే ఉంచుతాను. చార్జరు గోడకు నడుము ఎత్తుకన్నా పైన బిగించాం.

కొనాలనుకునేవాళ్లకు నా మనవి ఒకటే. షోరూంలో టెస్ట్ డ్రైవుకు పోకముందే మంచి ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలవండి. శాంక్షన్డ్ లోడు ఎంతుందో, సింగిల్ ఫేజా త్రీ ఫేజా చూపించండి, ఎర్తింగు గుంత తెరిపించి టెస్టరు పెట్టించండి. అపార్ట్‌మెంటులో ఉంటే అసోసియేషన్‌తో మాట్లాడి పార్కింగు దాకా విడి తీగ వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. రాదంటే ఇంత జోరైన బండి మీకు ఇప్పుడే వద్దు. తెలంగాణలో రోడ్డు ట్యాక్సు మాఫీ గడువు 2026 డిసెంబరు 31, మీటరు పనికి దరఖాస్తు దానికి చాలా ముందే పెట్టుకోండి.